కంటి పూవు, కంటి శుక్లము: రెండు శస్త్రచికిత్సల చరిత్ర

మన కారంపూడి ప్రాంతమున చేలలో పనిచేయువారికి కంటిలో వరిపొట్టో, ఆకు అంచో తగులుట క్రొత్త కాదు. పుండు మానిన పిదప నల్లగుడ్డుపై మిగులు తెల్లని మచ్చను మన పెద్దలు ‘కంట్లో పూవు’ అందురు. వయసు మీరిన కొలది కంటి లోపలి కటకము మసకబారుట శుక్లము. రెండింటికిని శస్త్రచికిత్స కలదు గాని ఫలితములు ఒక్కటి కావు. ఈ భేదము తెలియక చూపు పోగొట్టుకొనువారు కలరు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లరు గారిని, 1920లో ఆస్ట్రేలియా నుండి వచ్చిన డాక్టరు మేరీ గ్లౌరీ గారిని మన జిల్లా మరువలేదు. గ్లౌరీ గారు అంతకు ముందు మెల్బోర్న్ కంటి, చెవి ఆసుపత్రిలో పనిచేసిరి. ఆ దినములలో ఏ ఆసుపత్రిలోనైనను శుక్లమును తీయుటయే గాని, దాని స్థానమున పెట్టుటకు ఏమియు లేదు. రోగి ఇక జీవితాంతము ‘సోడాబుడ్డి’ అద్దములు ధరింపవలసినదే.

1949లో లండనులో డాక్టరు హెరాల్డ్ రిడ్లీ తొలిసారి ప్లాస్టిక్ కటకమును కంటిలో అమర్చెను. యుద్ధ విమానపు అద్దముల ముక్కలు గుచ్చుకొన్నను పైలట్ల కండ్లు వికటింపకుండుట ఆయన గమనించెను. తొలి కటకములు కొన్ని జారిపోయినవి, కొన్నింటిని తీసివేయవలసి వచ్చినది. 1992లో మదురైలో ఆరోల్యాబ్ చౌకగా కటకములు చేయనారంభించిన పిదప అవి పేదలకును అందినవి. నేడు కన్ను తక్కిన విధముల ఆరోగ్యముగా నున్నచో, చాలమందికి కొలది వారములలో మంచి చూపు వచ్చును, కటకము జీవితాంతము నిలుచును.

కార్నియా మార్పిడి కథ వేరు. 1905లో ఓలోమౌట్స్ పట్టణమున డాక్టరు ఎడ్వర్డ్ జిర్మ్, సున్నము పడి చూపు పోయిన కూలివాని రెండు కండ్లకును మార్పిడి చేసెను, ఒక్కటే నిలిచినది. హైదరాబాదులో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1997లో తన ఫలితములను దాచక ప్రకటించినది. మొదటి మార్పిడులలో ఏడాదికి 79.6 శాతము, అయిదేండ్లకు 46.5 శాతము స్వచ్ఛముగా నిలిచినవి. నల్లగుడ్డు శంకువువలె ముందుకు సాగు వ్యాధిలో అయిదేండ్లకు 95 శాతము నిలువగా, ఒకసారి విఫలమై మరల చేసినవానిలో 21 శాతమే నిలిచినవి.

కారణమేమనగా, కటకము ప్లాస్టిక్; కార్నియా మరియొకరి శరీర భాగము. ఏండ్లు గడచిన పిదపనైనను శరీరము దానిని తిరస్కరింపవచ్చును. కన్ను ఎర్రబడినను, వెలుతురు చూడలేకున్నను, నొప్పి పుట్టినను, చూపు మసకబారినను ఆ దినమే వైద్యుని చూడవలెను. చుక్కల మందు తమంతట తాము మానరాదు. కూలి పోవునని, బస్సు ఖర్చని వెనుదీయుట వలన నిలువవలసిన చూపు పోవును. 2011 నుండి ఆ సంస్థ శాఖ విజయవాడ ప్రక్కన తాడిగడపలో నున్నది గనుక ప్రతిసారి హైదరాబాదు పోనక్కరలేదు.

మరియొక మాట. కటకము కర్మాగారములో తయారగును. కార్నియా మరణించినవారి ఇంటినుండియే రావలెను. మరణించిన ఆరు గంటలలోగా కండ్లను సేకరింపవలెను. అద్దములు ధరించినవారును, శుక్లము తీయించుకొన్నవారును ఈయవచ్చును. ఆ దుఃఖ ఘడియలో ఎవరికిని తోచదు. గనుక ఇంటిల్లిపాదియు ముందే కూర్చుండి మాటలాడుకొనవలెనని మనవి.