క్రోషే సూదీ, కాన్సర్ వార్డూ

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)

మనలో చాలామంది ఇళ్ళల్లో ఏ ట్రంకుపెట్టె అడుగునో, కుట్టుమిషను సొరుగులోనో ఒక క్రోషే సూది పడి వుంటుంది. జానెడు పొడుగు, కొసన చిన్న కొక్కెం. పెళ్ళికి ముందు సరదాపడి నేర్చుకుని, బల్లమీదకి ఓ గుడ్డా, తలుపుకి ఓ తోరణమూ అల్లి, పిల్లలు పుట్టాక పక్కన పెట్టేసిన సూది. దానికీ కాన్సర్ జబ్బుకీ ఏమిటమ్మా సంబంధం అని మీరడగవచ్చు. సంబంధం వుంది. దానికో చరిత్ర కూడా వుంది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం మన గోదావరి ఒడ్డునే జరిగింది. ఆ కథే ఇవాళ చెప్పుకుందాం.

క్రోషే అన్నది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెం అని అర్థం. స్వెట్టరు అల్లాలంటే రెండు సూదులు కావాలి, దీనికి ఒక్కటి చాలు. మగ్గం అక్కర్లేదు, మిషను అక్కర్లేదు. వరస మధ్యలో ఆపి, లేచి వెళ్ళి అన్నం వార్చి వచ్చి, మళ్ళీ అక్కణ్ణుంచే అందుకోవచ్చు. యూరప్‌లో పందొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలో ఈ పని బాగా వ్యాపించింది. కలవారి ఇళ్ళల్లో అది ఆడపిల్లల కాలక్షేపం. అదే సూది అన్నం పెట్టే సాధనమయింది మాత్రం ఐర్లండు కరువులో.

1845లో ఐర్లండులో బంగాళదుంప పంటకి తెగులు తగిలింది. మనకి అన్నం ఎలాగో అక్కడి పేదలకి దుంప అలాగ. కొన్నేళ్ళపాటు పంట నేలలోనే కుళ్ళిపోయింది. ఆకలితోను, జ్వరాలతోను పదిలక్షలమంది దాకా పోయారు. అంతకుమించి జనం ఓడలెక్కి దేశం వదిలారు. ఆ రోజుల్లో కార్క్ పట్నం దగ్గర ఉర్సులైన్ కాన్వెంటు సన్యాసినులు ఆడపిల్లలకి క్రోషే నేర్పించారు. 1847లో క్లోన్స్ అనే ఊళ్ళో కసాండ్రా హాండ్ అనే పాదిరీగారి భార్య ఈ పనినే కరువు సహాయంగా మొదలుపెట్టింది. ఒక ఇంట్లో గులాబీలు అల్లితే, ఇంకో ఇంట్లో ఆకులు అల్లేవారు. వాటిని అతికిన లేసు దొరసానుల గౌనుల మీదికి చేరింది. ఆ డబ్బుతో ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది.

ఇంచుమించు ఆ కాలంలోనే, 1844లో, మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు గోదావరి తీరాన మన ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పారని చెబుతారు. తర్వాత అది నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో పాతుకుపోయింది. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకున్నారు. పువ్వులు ఒకరు అల్లితే, అతుకుపని ఇంకొకరు చేసేవారు. మొదట్లో దయాధర్మంగా మొదలైన పని, తర్వాత పెద్ద ఎగుమతి వ్యాపారమయింది.

ఇక్కడే మనం కాస్త ఆగి ఆలోచించాలి. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు పనివాళ్ళ మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె చెప్పిన సంగతి ఏమిటంటే, గంటల తరబడి కళ్ళు పొడుచుకుని అల్లిన ఈ స్త్రీలని ఎవరూ పనివాళ్ళుగా లెక్కపెట్టలేదు. “ఇంట్లో వూరికే కూర్చునే ఇల్లాళ్ళు, తీరికవేళల్లో అల్లుకుంటారు” అన్నారు. తీరికవేళ పనికి కూలి ఏమిటన్నట్టు డబ్బు విదిలించారు. విదేశాల్లో మంచి ధర పలికిన లేసుకి, అల్లిన చేతికి అందింది బహు స్వల్పం. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని ఆ పాత పాఠం మరచిపోకూడదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ఇక రెండో దారి చూద్దాం. అమ్మటానికి కాదు, ఇవ్వటానికి అల్లటం. విక్టోరియా మహారాణి తన చివరి రోజుల్లో, దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరుగుతున్నప్పుడు, సైనికుల కోసమని స్వయంగా ఎనిమిది మఫ్లర్లు క్రోషేతో అల్లింది. మహారాణి చేతి అల్లిక! ఎవరు మెడకి చుట్టుకుంటారు? వాటిని ధైర్యసాహసాలు చూపినవారికి బహుమానంగా ఇచ్చారు. పతకాల్లా దాచుకున్నారు తప్ప, వాటితో చలి కాచుకున్నవాళ్ళు లేరనే అనుకోవాలి. ఇచ్చేవారి గొప్ప ఎక్కువైతే వస్తువు అక్కర తీర్చదు. తర్వాత రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ మామూలు ఇల్లాళ్ళు మేజోళ్ళూ, మఫ్లర్లూ, టోపీలూ అల్లి రెడ్‌క్రాస్ ద్వారా పంపారు. అవి నిజంగా కాళ్ళకి, మెడకి పనికొచ్చాయి.

యుద్ధాల తర్వాత ఈ అల్లికలు ఆస్పత్రులకి చేరాయి. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తకాన్సర్ వచ్చిన పిల్లలకి మందులిచ్చి, కొంతకాలమైనా జబ్బుని అణచవచ్చని చూపించాడు. కీమోథెరపీకి పునాది వేసిన పనుల్లో అదొకటి. త్వరత్వరగా పెరిగే కణాలని ఈ మందులు దెబ్బతీస్తాయి. కాన్సర్ కణాలు అలాంటివే. కాని మన వెంట్రుకల కుదుళ్ళలోని కణాలూ అలాంటివే. అంచేత చాలా రకాల కీమో మందులకి రెండు మూడు వారాల్లో జుట్టు రాలటం మొదలవుతుంది. వైద్యం అయిపోయాక మళ్ళీ వస్తుంది లెండి.

మళ్ళీ వస్తుంది అని అనటం తేలికే. తిరుపతి వెళ్ళి మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇవ్వటం వేరు. అది మనం ఇచ్చింది. పొద్దున్నే దువ్వెన పెడితే కుచ్చు కుచ్చుగా చేతిలోకి రావటం వేరు. అది మననుంచి లాక్కున్నది. మా బంధువుల్లో ఒకావిడ జుట్టు పోయినప్పుడు అద్దానికి దుప్పటి కప్పేసింది. “నొప్పి ఓర్చుకున్నానే, పిల్లాడు నన్ను చూసి ఏడిస్తే ఓర్చుకోలేకపోయాను” అంది. ఆవిడకి ఎవరో స్వెట్టరు వూలుతో ఎంతో ముద్దుగా ఒక టోపీ అల్లి ఇచ్చారు. ఆవిడ ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు. ఎండాకాలం, పైగా జుట్టు లేని తల చర్మం పసిపిల్లల చర్మంలా వుంటుంది. ఆ వూలు గుచ్చుకుంది. అడిగి అల్లి వుంటే మెత్తటి నూలుదారంతో అల్లేవారు.

తలమీద టోపీ సంగతి నలుగురిలో చెప్పుకోగలం. రొమ్ము సంగతి చెప్పుకోం. ఇవాళ మన దేశంలో స్త్రీలకి వచ్చే కాన్సర్లలో మొదటిది రొమ్ము కాన్సరే. కొందరికి గడ్డవరకే తీస్తే సరిపోతుంది, ఇంకొందరికి రొమ్ము మొత్తం తియ్యాలి. ఆ తర్వాత ఆ స్త్రీ జాకెట్టు ఎలా వేసుకుంటుంది, పెళ్ళికీ పేరంటానికీ ఎలా వెళుతుంది అని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ప్రాణం దక్కింది కదా అనేవారు.

1952లో న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే ఆవిడకి ఈ ఆపరేషన్ జరిగింది. చెయ్యి ఎప్పుడు ఎత్తవచ్చో, బట్టలు ఎలా కట్టుకోవాలో ఆవిడకి చెప్పేవాళ్ళు లేకపోయారు. కోలుకున్నాక ఆవిడే ఆస్పత్రులకి వెళ్ళి, ఆపరేషన్ అయిన స్త్రీల మంచం పక్కన కూర్చుని, “నాకూ అయిందమ్మా, ఇదిగో చూడు, బాగున్నాను” అన్న ధైర్యం చెప్పటం మొదలుపెట్టింది. చేతి వ్యాయామానికి ఒక బంతీ, జాకెట్టులో పెట్టుకోవటానికి ఒక తాత్కాలికమైన మెత్తా ఇచ్చేది. డాక్టర్లకి కొందరికి ఇది గిట్టలేదు. అయినా ఆవిడ మానలేదు. 1969లో అమెరికన్ కాన్సర్ సొసైటీ ఆ పనిని తనలో కలుపుకుంది.

తర్వాత బజారులో సిలికాన్ రొమ్ములు వచ్చాయి. అవి కొందరికి బాగా నప్పుతాయి. కాని ఖరీదెక్కువ, బరువెక్కువ, ఎండాకాలం చెమట. కెనడాలోని టొరాంటోలో బెరిల్ త్సాంగ్ అనే ఆవిడ తనకోసం దారంతో ఒకటి అల్లుకుని, 2005లో ఆ నమూనా నలుగురికీ అందేలా ప్రచురించింది. 2011లో అమెరికాలో బార్బరా డెమొరెస్ట్ అనే ఆవిడకి ఆపరేషనయింది. అలాంటి అల్లిక రొమ్ము బొమ్మని ఆవిడ డాక్టరే చూపించాడు. స్నేహితురాలు అల్లిపెట్టింది. అది వేసుకున్నాక ఆవిడకి వూరట కలిగింది. మిగతావాళ్ళకీ వుచితంగా అందాలని ఒక స్వచ్ఛంద సంస్థ నడిపింది. రెండు సూదులతో అల్లేవీ, క్రోషేతో అల్లేవీ రెండు రకాల నమూనాలూ ఇప్పుడున్నాయి. మన దేశంలో కూడా 2018 తర్వాత ముంబయి మొదలైన చోట్ల స్త్రీలు నూలుదారంతో వీటిని అల్లి, డబ్బు తీసుకోకుండా ఇస్తున్నారు.

ఇందులో వింత యంత్రమేమీ లేదు. గుండ్రంగా అల్లుకొచ్చిన ఒక సంచి, లోపల ఉతకటానికి వీలైన మెత్తటి పాలియెస్టరు దూది. ఆ దూది కాస్త తీసి, కాస్త పెట్టి, రెండోవైపుకి సరిపోయేలా చేసుకోవచ్చు. గాయం మానాక, డాక్టరు సరేనన్నాక వాడుకోవాలి.

అల్లిక రానివాళ్ళు ఏం చెయ్యాలి? విరాళాలు పోగుచెయ్యవచ్చు. ఈ విషయంలో మనకి గొప్ప వారసత్వం వుంది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారు తన చెల్లెలు కాన్సరుతో పోవటం కళ్ళారా చూసి, ఈ జబ్బుకి ప్రత్యేకంగా ఆస్పత్రి వుండాలని పట్టుబట్టారు. మహిళా భారత సంఘం తరఫున కాన్సర్ సహాయనిధి వసూలు చేశారు. 1952లో మద్రాసు అడయారులో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు, 1954లో పన్నెండు మంచాలతో కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. ఆడవాళ్ళ సంఘం పూనుకుని కట్టిన ఆస్పత్రి అది. అదే మద్రాసులో, ఇప్పటి చెన్నైలో, 2016 జనవరి 31న వెయ్యిమందికి పైగా స్త్రీలు అల్లిన ముక్కలన్నీ కలిపి పదకొండు వేల చదరపు మీటర్లకు మించిన క్రోషే దుప్పటి పరిచారు. గిన్నిస్ రికార్డు వచ్చింది. తర్వాత దాన్ని విడదీసి దుప్పట్లుగా అవసరమైనవాళ్ళకి పంచారు. రికార్డు కాయితం గోడమీద వుంటుంది. దుప్పటి మాత్రం మనిషిమీద వుండాలి కదా!

మీరూ పూనుకుంటే రెండు మూడు మాటలు గుర్తుంచుకోండి. ముందు వార్డులో నర్సుగారిని అడగండి: ఏవి కావాలి, ఎన్ని, ఏ కొలత. మెత్తటి నూలుదారం వాడండి. గుచ్చుకునే గుండీలూ, పూసలూ వద్దు. కీమో తీసుకునేవారికి అంటువ్యాధుల భయం ఎక్కువ. అంచేత అల్లినదాన్ని శుభ్రంగా ఉతికి, ఆరవేసి, కవరులో పెట్టి ఇవ్వండి. ఇచ్చాక “పెట్టుకున్నావా?” అని అడగవద్దు. పెట్టుకోవటం, మానటం ఆవిడ ఇష్టం. రొమ్ములో గడ్డ తగిలితే, నొప్పి లేదు కదా అని వూరుకోవద్దు. మొదట్లో చాలా గడ్డలు నొప్పి పెట్టవు. ఏ టోపీ, ఏ మెత్త డాక్టరుకి బదులు కావు.

చివర్లో చెబుతానన్న మాట ఒకటుంది. మీ మహిళామండలి కాన్సర్ నిధి కోసం లేసు అమ్మకం పెట్టిందనుకోండి. నరసాపురం నుంచి సరుకు తెప్పించారనుకోండి. “ధర్మకార్యం కదా, కాస్త తగ్గించండి” అని ఆ అల్లినావిడతో మాత్రం బేరమాడకండి. అడిగిన ధర ఇచ్చెయ్యండి. ఆ పైన మీ లాభంలోంచి దానం చెయ్యండి. ఒక స్త్రీ కూలి కోసి, ఇంకో స్త్రీకి పుణ్యం చేశామనుకోవటం లెక్కకి నిలవదు. నూటయాభై ఏళ్ళ పైచిలుకు గోదావరి కథ మనకి నేర్పేది అదే.

రేపు మధ్యాహ్నం పని అయ్యాక ఆ పెట్టె తెరిచి, సూది వెతకండి. తుప్పు పట్టి వుంటే కాస్త కొబ్బరినూనె రాయండి. వేళ్ళు ఏమీ మరచిపోవు.