ప్రతినాయకుని దరువు



గడచిన మహాశివరాత్రినాడు పట్టిసీమ రేవులో పడవ యెక్కి, గోదావరి నడుమ దేవకూటాద్రిపై వెలసిన వీరేశ్వరస్వామి దర్శనమునకు పోవుచుంటిని. పడవ నిండ జనము. నా ప్రక్కను ఇద్దఱు కుఱ్ఱవాండ్రు కూర్చుండి గట్టిగా వాదులాడుకొనుచుండిరి. తొలుత ఎన్నికల మాట యనుకొంటిని. పిమ్మట పొలముగట్టు తగవేమో యనుకొంటిని. రెండును గాదు. జేమ్స్ బాండు అను ఆంగ్ల గూఢచారి చలనచిత్రములలో ఏ ప్రతినాయకుడు ఘనుడు, ఏ చిత్రపు పాట గొప్పది యనునదే వారి వ్యవహారము. ఒకడు గోల్డ్‌ఫింగర్ పక్షము, రెండవవాడు బ్లోఫెల్డ్ పక్షము. ఎంతకును తెగక, వారిలో చిన్నవాడు నావంక తిరిగి, "తాతగారూ, మీరే చెప్పండి. పాట లేనంత మాత్రాన విలన్ చిన్నవాడై పోతాడాండీ?" అని యడిగెను.

పడవలో ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పజాలనైతిని. రేడియోవారు నేడు నా కొసగిన యీ కొద్ది నిమిషములను దానికే వినియోగించెదను.

ఆ కథల నెఱుగని పెద్దల కొఱకు రెండు మాటలు. ఇయాన్ ఫ్లెమింగ్ అను రచయిత 1953లో ఒక నవల ప్రకటించి, అందు జేమ్స్ బాండు అను వేగులవానిని సృష్టించెను. వాని సంఖ్య 007. 1962 మొదలు ఆ కథలు చలనచిత్రములుగా వెలువడుచున్నవి. 2021 నాటికి ఆ ప్రధాన వరుసలో 25 చిత్రములు వచ్చినవి. ఈ అరువదేండ్లలో ఆ వేషము ధరించిన నటులు ఆఱుగురైరి గాని వేషము మాత్ర మొక్కటియే. చిత్రచిత్రమునకును మాఱునవి ముఖ్యముగా రెండు: ఎదిరి యొకడు, పాట యొకటి. కల్యాణోత్సవమున స్వామి యేటేట ఆ స్వామియే, మాఱునది మేళము. ఊరివారు అరుగులపై కూర్చుండి తగవులాడునది మేళమునుగూర్చియే గదా! ఆ కుఱ్ఱవాండ్ర వాదమును అట్టిదే.

గోల్డ్‌ఫింగర్ పక్షమువాని బలము చిన్నది గాదు. 1964లో వచ్చిన ఆ చిత్రమునకు పేరు ప్రతినాయకునిదే. బంగారమునకై ప్రాణములు తీయుటకును వెనుదీయని ధనికుడు వాడు. ఆ చిత్రపు ఆరంభగీతమును వానిగూర్చినదే. జాన్ బారీ స్వరపఱుపగా షిర్లీ బాసీ యను గాయని గొంతెత్తి పాడినది. మనిషి తెఱమీదికి రాకమున్నే వాని వలన జాగ్రత్తయని ఆ పాట మనలను హెచ్చరించును. ఆ పాత్ర ధరించిన జర్మను నటుడు గెర్ట్ ఫ్రోబెకు ఆంగ్లము చక్కగా పలుకకపోవుటచే, మాటలకు వేఱొకని గొంతు అరువు తెచ్చిరి. గొంతు అరువుదైనను పాట మాత్రము సొంతమే. ఇక బ్లోఫెల్డో, 1963లోను 1965లోను వచ్చిన చిత్రములలో వాని మొగమే చూపలేదు. ఒడిలోని తెల్లపిల్లిని నిమురు చేయి మాత్రము చూపిరి. 1967లో మొగము చూపిరి. మొగము కనబడనంత కాలమే వాడు భయంకరుడని నా యభిప్రాయము.

నాయకుని దరువు మాట కూడ ఒకటి చెప్పవలయును. ఆ వరుస మాంటీ నార్మన్ అను ఆయన కట్టినది. 1962లో జాన్ బారీ దానిని వాద్యములకు కూర్చెను. అసలు కర్త యెవరను వివాదము పెరిగి, ఒక వార్తాపత్రిక వ్రాతపై నార్మన్ వ్యాజ్యము వేయగా, 2001లో లండను న్యాయస్థానమున ఆయన గెలిచెను. విశేష మేమనగా, ఆ వరుస మొదట ఆ గూఢచారి కొఱకు పుట్టినదే కాదు. ట్రినిడాడు ద్వీపమునకు ఓడలెక్కి పోయిన మన భారతీయుల సంతతివారి కథగా వి. యస్. నైపాల్ వ్రాసిన 'బిశ్వాసుగారి ఇల్లు' నవలను సంగీతనాటకముగా చేయబూనినప్పుడు తాను కట్టిన పాటనుండి దానిని తీసితినని నార్మనే చెప్పెను. చెఱకుతోటల కూలిజనుల సంతతికై కట్టిన వరుస ఆంగ్లరాజుల వేగులవానికి దరువైనది!

దరువు అంటిని. ఆ మాట ఊరక వాడలేదు. మన యక్షగానములలో, కూచిపూడివారి భాగవతములలో, పాత్ర రంగమునకు వచ్చునప్పుడు ఇద్దఱు తెఱ పట్టుకొందురు. తెఱ వెనుక పాత్ర నిలిచియుండగా ప్రవేశదరువు సాగును. వచ్చుచున్న దెవరు, వాని నడక యెట్టిది, గర్వ మెంత యన్నదియు ఆ దరువే చెప్పును. ప్రహ్లాదనాటకమున హిరణ్యకశిపునకును దరువు కలదు. తమిళదేశమున తంజావూరు ప్రాంతపు మెలట్టూరులో నరసింహజయంతి ఉత్సవములందు నేటికిని ఆ కథ తెలుగుననే ఆడుదురు. అక్కడను హిరణ్యకశిపుడు దరువుతోనే అడుగిడును. చెడ్డవాడు గదా యని వానికి తాళము తగ్గించినవారు లేరు. వాడు ఎంత యెత్తుగా వచ్చిన, స్తంభము పగిలినప్పుడు ప్రేక్షకుని గుండె అంతగా అదరును.

పిమ్మట పద్యనాటకములు వచ్చినవి. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ శిష్యులచే నాటకము నాడించిన మాట పెద్ద లెఱుగుదురు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు మన పల్లెల కెక్కిన తరువాత దరువు పోయి పద్యము వచ్చెను గాని, ప్రతినాయకుని పాలు తగ్గలేదు. మాధవపెద్ది వెంకట్రామయ్యగారి దుర్యోధనుని చూచితిమని మా నాయనగారి తరమువారు చెప్పుకొనుచుండిరి. ఆ వేషమునకు ఆయన తరువాతనే మఱి యెవరైనను అని ఒకరు, కాదని మఱియొకరు. ఒక్కొక్క పద్యమును 'వన్స్ మోర్' అని రెండుమాఱులు మూడుమాఱులు పాడించుకొని, తెల్లవాఱువఱకును కూర్చుండెడివారు. కృష్ణుని పక్షమున నుండియే దుర్యోధనుని పద్యమునకు చప్పట్లు కొట్టుట వారికి తప్పుగా తోచలేదు.

చలనచిత్రము వచ్చిన పిదప లెక్క మాఱినది. ఇది దూరదేశపు సంగతి గాదు. 1936లో మన రాజమహేంద్రవరముననే దుర్గా సినీటోను సంస్థ 'సంపూర్ణ రామాయణము' చిత్రమును తీసెను. తెఱమీద పాట మెల్లమెల్లగా నాయికానాయకుల సొత్తైపోయెను. ప్రతినాయకునకు మిగిలినవి నవ్వు, కనుబొమలు, మాట. ఆ మూడింటితోనే కొండను మోసిన మహానటుడు యస్. వి. రంగారావుగారు. 1951లో 'పాతాళభైరవి'లోని మాంత్రికుని, 1963లో 'నర్తనశాల'లోని కీచకుని చూచినవారి కెవ్వరికిని పాట లేదను కొఱత తోచియుండదు. అయినను రంగారావుగార్లు ఊరి కొకరు పుట్టరు గదా!

ఇప్పుడు 1966నకు వత్తును. ఆ యేడు ఆగస్టులో 'గూఢచారి 116' వచ్చెను. బుఱ్ఱిపాలెమునుండి వచ్చిన క్రొత్త నటుడు కృష్ణ నాయకుడు, జయలలిత నాయిక, యం. మల్లికార్జునరావు దర్శకుడు, టి. చలపతిరావు సంగీతకర్త. తెలుగున అదియొక క్రొత్త తీరు. మఱుసటి యేడే అది 'ఫర్జ్' అను పేర హిందీకి పోయి అక్కడను జయించెను. నేనప్పుడు బడిలో చదువుకొను కుఱ్ఱవాడను. నా నేస్తుడును నేనును ప్రక్క ఊరి డేరాలో రెండవ ఆట చూచి, గోదావరి గట్టువెంట నడచి వచ్చుచుంటిమి. దారిపొడుగున నేను ఒక్కటే పాట పాడితిని: ఆ దుష్టులకు కూడ ఒక పద్యమో పాటయో ఉండవలసినది, దుర్యోధనునకు లేదా, రావణునకు లేదా, రాజనాల వంటి నటులుండగా పాటలన్నియు నాయకునికే యేల, అని.

వాడు చాలసేపు మాటాడలేదు. రేవు చేరిన తరువాత, "మా అన్నను చంపినవాడికి పాటెందుకురా?" అని మాత్రము అనెను.

వాని యన్న సైనికుడు. 1962లో చైనావారితో యుద్ధమున ఈశాన్యపు కొండలకు పోయినవాడు తిరిగి రాలేదు. నాకా సంగతి తెలియును, తెలిసియు మఱచితిని. ఆ నాలుగేండ్లలో దేశము రెండు యుద్ధములు చూచినది, 1962లో నొకటి, 1965లో నొకటి. 1966 జనవరిలో తాష్కెంటున లాల్ బహదూర్ శాస్త్రిగారు కన్నుమూసిరి. అట్టి యేడు ఇల్లిల్లును తిరిగి శత్రువేగుల కథ వినగోరెననిన ఆశ్చర్యమేమి? ఊరు పేరు లేని, తల్లిదండ్రులు లేని, పాట లేని శత్రువే ఆనాటి జనమునకు కావలసెను. ఆ చిత్రము తీసినవారిని నేను తప్పుపట్టను. నా నేస్తుని అంతకంటెను పట్టను. 

అటుపిమ్మట కృష్ణగారివే 'జేమ్స్ బాండ్ 777' 1971లో, 'ఏజెంట్ గోపి' 1978లో, 'రహస్య గూఢచారి' 1981లో, 'గూఢచారి 117' 1989లో వచ్చినవి. నాయకుని పేరు నిలిచెను. ప్రతినాయకులు కలగాపులగమై నా మనస్సున ఒకరికొకరు అంటుకొనిపోయిరి. నడుమ 1977లో నందమూరి తారకరామారావుగారు 'దాన వీర శూర కర్ణ'లో దుర్యోధనుడై యుగళగీతమే పాడిరి. మా ఊరి పెద్దలు కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. నాకు మాత్రము పోయిన సొమ్ము దొరికినట్లుండెను. ఇటీవల 2018లో వచ్చిన 'గూఢచారి' చిత్రమున ప్రతినాయకుడు తుదకు నాయకుని కన్నతండ్రియే యగును. చూడనివారు నన్ను మన్నింతురుగాక! తండ్రియనగానే వానికొక గతము వచ్చెను, వాని తప్పునకొక కారణము వచ్చెను.

నా నేస్తునికి ఆనాడు చెప్పదగిన మాట నాకు చాలకాలమునకు గాని దొరకలేదు. విశాఖదత్తుని ముద్రారాక్షసము చదివిన తరువాత దొరకెను. వేగుల కథలలో అంతటిది మన దేశమున మఱియొకటి నే నెఱుగను. చాణక్యుని వేగువాడు నిపుణకుడు, యమలోకపు బొమ్మలు వ్రాసిన పటము చేతబట్టి, పాటలు పాడుచు ఇల్లిల్లును తిరుగును. చందనదాసు నింట ఒక పసివాడు బయటికి పరుగెత్తబోగా, వానిని వెనుకకు లాగిన ఇల్లాలి వ్రేలినుండి ఉంగరము జాఱును. అది నందుల మంత్రియగు రాక్షసుని ముద్రిక. కథయంతయు ఆ ఉంగరముమీద నడచును. అవతలిపక్షపు వేగువాడు విరాధగుప్తుడు పాములవాని వేషమున తిరుగును. ఎవ్వరికెవ్వరును తీసిపోరు. నాటకమునకు పేరు మాత్రము చాణక్యునిది గాదు, చంద్రగుప్తునిది గాదు, ఎదిరియైన రాక్షసునిది.

ఆ రాక్షసుడు ఓడుటెట్లు? కత్తికి గాదు. తన కుటుంబమును దాచినందుకు మిత్రుడు చందనదాసును వధ్యస్థానమునకు గొనిపోవుచున్నారని విని, వానికి బదులు నన్ను చంపుడని తానే వచ్చి నిలుచును. చాణక్యుడు పన్నిన వలయే అది. ఈ మనిషి మిత్రుని విడువడని చాణక్యున కంత గట్టిగా తెలియును. చంపుటకు గాదు, చంద్రగుప్తునకు మంత్రిని చేయుటకే ఆ యెత్తులన్నియు. ఎదిరిని అంతగా చదివినవాడు గనుకనే చాణక్యుడు గెలిచెను.

ఇది చెప్పినచో నా నేస్తుడు ఒప్పుకొనియుండునా? ఒప్పుకొనడు. "మా అన్నను చంపినవాడు చందనదాసు నేస్తుడు కాదురా" అని యుండును. దానికి నా యొద్ద ఇప్పటికిని మాట లేదు.

పడవ మాట మఱచితిని. ఒడ్డు చేరువేళకు కొండమీదనుండి వీరణము మ్రోత వినవచ్చెను. ఖడ్గములు చదువువారు 'శరభ శరభ' యని కేకలు వేయుచుండిరి. అదియు ప్రవేశదరువే. దక్షుని తల నఱకిన వీరభద్రునిది. ఆ నఱకిన ఆయుధము పట్టిసమనియు, దానివలననే యీ క్షేత్రమునకు పట్టిసమను పేరు వచ్చెననియు స్థలపురాణము. దక్షుని కథ అంతటితో ముగియలేదని మీ రెఱుగుదురు. శివుడు వానికి మేకతల అతికించి బ్రతికించెను. బ్రతికిన దక్షుడు మేకగొంతుకతో స్వామిని స్తుతించెననియు, చమకమున మాటిమాటికి వినబడు 'మే' కారము అదియే యనియు పెద్దలు నవ్వుచు చెప్పుదురు.

గుడిలో అభిషేకము జరుగుచుండెను. నమకము ముగిసి చమక మందుకొనిరి. వరుసలో నాకు ముందు నిలిచిన ఆ కుఱ్ఱవాండ్రిద్దఱును అప్పటికిని వాదము మానలేదు. బ్లోఫెల్డ్ పక్షమువాడు పిల్లిసంగతి చెప్పుచుండెను.