ఉన్ని కట్టిన ఊళ్లు

ఇంగ్లండు అనగానే మనవాళ్ల ఫోన్లలో తిరిగే ఫోటోలు రెండు. ఒకటి లండన్ గడియారం గోపురం. రెండోది చిన్న వాగు, దాని పక్కన తేనెరంగు రాతిగోడలతో, వాలుకప్పులతో వరసగా ఇళ్లు. ఆ రెండో ఫోటో కాట్స్‌వోల్డ్స్ కొండలది. నేనుండే పట్నానికి అవి దగ్గర. పొద్దు వాలేవేళ కెమెరా తీసుకుని ఆ ఊళ్లకు వెళ్లడం నాకు అలవాటైపోయింది. వాటి అందం గురించి అందరూ చెబుతూనే ఉంటారు. అవి అంత చెక్కుచెదరకుండా ఎలా మిగిలాయో ఎవరూ చెప్పరు. ఉన్ని వ్యాపారం తెచ్చిన డబ్బుతో ఆ ఇళ్లు కట్టుకున్నారు. ఆ వ్యాపారం పోయాక వాటిని పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోయింది.

ముందు ఎండ సంగతి. హైదరాబాదులో పొద్దు గబగబా దిగిపోతుంది. ఇక్కడ, 51 డిగ్రీల అక్షాంశం దాటాక, సూర్యుడు ఏటవాలుగా జారతాడు. అందుకే సాయంత్రపు నీరెండ మనకంటే చాలా ఎక్కువ సేపు నిలుస్తుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు కుంకదు. డిసెంబరులో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి మబ్బు లేని రోజు దొరికితే పొద్దంతా నీడలు బారుగానే ఉంటాయి. పైగా ఇక్కడి రాయే పసుపు. 17 కోట్ల ఏళ్ల కిందటి వెచ్చని, లోతులేని సముద్రంలో పేరుకున్న సున్నపురాయి అది. దగ్గరగా చూస్తే చేపగుడ్లలా సన్నటి గుండ్రటి రేణువులు కనిపిస్తాయి. ఉత్తరాన ఇనుము పాలు ఎక్కువ కాబట్టి రంగు ముదురు, బాత్ వైపు వచ్చేసరికి లేత మీగడ రంగు. కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే ఆ పసుపునంతా చల్లార్చేస్తుంది. డేలైట్‌లో పెట్టుకోవాలి.

అయితే నేను ఆ వేళకు వెళ్లేది రంగు కోసం కాదు. గోడను ఒరుసుకుంటూ పోయే ఎండలో, మధ్యాహ్నం నున్నగా కనిపించిన రాయి మీద ఉలి దెబ్బలు ఒక్కొక్కటీ లేచి కనిపిస్తాయి. గడప రాయి మధ్యలో తరతరాల కాళ్లు అరగదీసిన పల్లం నీడతో నిండుతుంది. కప్పు మీద రాతి పెంకులు చూరు దగ్గర పెద్దవిగా మొదలై పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. ఆ పెంకుల కోసం రాయిని శీతకాలమంతా ఆరుబయట తడిగా ఉంచేవాళ్లు. లోపలి నీరు గడ్డకట్టి రాయి పొరలుగా చీలేది. ఇదంతా మనుషులు చేసిన పని. ఆ ఎండలో నేను వెతికేది దాన్నే.

14, 15 శతాబ్దాల్లో ఈ కొండల గొర్రెల ఉన్ని కోసం ఇటలీ నుంచీ, ఫ్లాండర్స్ నుంచీ వర్తకులు పోటీపడి వచ్చేవాళ్లు. నార్త్‌లీచ్ అనే చిన్న ఊరి చర్చిలో సమాధుల మీద ఇత్తడి రేకులున్నాయి. 1458లో చనిపోయిన జాన్ ఫోర్టీ అనే ఉన్ని వర్తకుడి బొమ్మ అక్కడుంది. ఆ కాలపు యోధుల సమాధుల మీద కాళ్లకింద సింహాన్నో కుక్కనో చెక్కేవాళ్లు. ఈయన కాళ్లకింద గొర్రె, ఉన్ని బస్తా ఉన్నాయి. చర్చి నడిమి భాగాన్ని ఎత్తుగా, వెలుతురు పడేలా తిరిగి కట్టించింది ఆయన డబ్బే. తన సంపద ఎక్కణ్ణుంచి వచ్చిందో అంత బాహాటంగా చెప్పుకున్న మనిషంటే నాకు గౌరవం.

బిబరీ ఊళ్లో ఆర్లింగ్టన్ రో అని ఒక ఇళ్ల వరస ఉంది. మొదట చెప్పిన ఫోటో చాలాసార్లు దానిదే. 1380 ప్రాంతంలో మఠంవాళ్ల ఉన్ని కొట్టంగా కట్టారు. 17వ శతాబ్దంలో దాన్ని నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. వాళ్లు నేసిన గుడ్డను పక్కనున్న మిల్లులో చిక్కబడేలా తొక్కించి, ఎదురుగా ఉన్న తడినేల మీద ఆరేసేవాళ్లు. ఇప్పుడు అక్కడ గడ్డి, నీటిపక్షులు.

ఉన్నిని కాపాడుకోవడానికి ఈ దేశం చేయని చట్టం లేదు. శవాలకు కూడా ఉన్ని గుడ్డే చుట్టాలని 1666లో ఒక చట్టం వచ్చింది, కాదంటే 5 పౌండ్ల జరిమానా. మచిలీపట్నం నుంచి, మిగతా కోరమాండల్ రేవుల నుంచి అద్దకం బట్టలు వచ్చి ఇంగ్లండు ఆడవాళ్లను మురిపిస్తుంటే, ఇక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. అద్దకం నూలుబట్టలు కట్టుకోవడాన్నే 1721లో చట్టం నిషేధించింది. మన కలంకారీ చరిత్ర చదివేటప్పుడు ఆ చట్టం మనకు శత్రువులా కనిపిస్తుంది. ఆర్లింగ్టన్ రో గడపల ముందు నిలబడితే, అవతల ఉన్నదీ మగ్గం మీద బతికే కుటుంబాలేనని అర్థమవుతుంది.

చట్టాలు వాళ్లనూ కాపాడలేదు. పని మొదట నీటివాలు బాగా ఉన్న స్ట్రౌడ్ లోయలకు, తర్వాత బొగ్గు, ఆవిరి యంత్రాలు ఉన్న యార్క్‌షైర్‌కు తరలిపోయింది. ఈలోగా ఉమ్మడి పచ్చిక బయళ్లను చట్టం పేరుతో భూస్వాములు చుట్టేసుకున్నారు. పొలాల మధ్య మనం ముచ్చటపడి ఫోటో తీసే పేర్పుగోడల్లో చాలా భాగం ఆ కంచెలే. 1870ల తర్వాత అమెరికా గోధుమ చవగ్గా దిగి వ్యవసాయమూ కుదేలైంది. జనం వలసపోయారు, ఇళ్లు ఉన్నవి ఉన్నట్టే మిగిలిపోయాయి.

అప్పుడు వచ్చారు కళాకారులు. విలియం మోరిస్ 1871లో కెల్మ్‌స్కాట్ అనే ఊళ్లో పాత రాతి ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. బాగుచేయడం పేరుతో పాత కట్టడాలను చెడగొట్టకండని 1877లో ఏకంగా ఒక సంఘమే పెట్టాడు. 1896లో ఫ్రెడరిక్ ఎవాన్స్ ఆ ఇంటి అటక దూలాల మీద వెలుతురును ఫోటోలు తీశాడు. రాతి ఊళ్లు తీయాలనుకునే ఎవరికైనా నేను మొదట చూపించేవి ఆయన ఫోటోలే.

అసలు నెగెటివ్‌తో ఫోటో తీసే విద్యే ఇలాంటి ఊళ్లో ఊపిరి పోసుకుంది. కాట్స్‌వోల్డ్స్ దక్షిణపు అంచున ఉన్న లేకాక్‌లో, 1232లో సన్యాసినుల మఠంగా మొదలైన భవనం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఇల్లు. 1835 ఆగస్టులో ఆయన ఆ ఇంటి కిటికీని కాగితం మీద పట్టాడు. ఇప్పటికి మిగిలిన నెగెటివ్‌లలో అదే మొదటిది. 1844 ఏప్రిల్‌లో తీసిన 'ది ఓపెన్ డోర్' చూడండి: తెరిచిన తలుపు, వాకిట్లో ఆనించిన పొడుగు చీపురు, పక్కన లాంతరు. ఏటవాలు ఎండలో తలుపు మీద పడిన నీడతోనే ఆ ఫోటోకు బలం వచ్చింది. రాజులను, కోటలను వదిలి ఆయన పనిముట్టును ఎంచుకున్నాడు.

ఆ విద్య పాతికేళ్లలోపే మద్రాసు చేరింది. వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి 1845లో అమరావతిలో తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలను, 1858లో లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి అక్కడి మ్యూజియంలో ఫోటోలు తీశాడు. ఆ శిల్పాలదీ సున్నపురాయే, పల్నాటిది. మరుసటి ఏడాదే వాటిని ఓడెక్కించారు. పాత రాయిని దాని చోటునే, ఉన్నది ఉన్నట్టు ఉంచాలని మోరిస్ సంఘం పుట్టిన మూడేళ్లకు, 1880లో, అవి బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చాయి. ఇక్కడి రాయికి దక్కిన న్యాయం మన రాయికి దక్కలేదు. అక్కడి అద్దాల వెనక, కరెంటు వెలుతురులో వాటిని చూసినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. ఇంగ్లండు చూడవచ్చే మనవాళ్లను ఒక సాయంత్రం కాట్స్‌వోల్డ్స్‌కు, ఒక ఉదయం ఆ శిల్పాల గదికి కేటాయించమంటాను. మ్యూజియంలో ట్రైపాడ్ పెట్టనివ్వరు, ఫోన్‌తో తీసుకోవచ్చు.