స్థిర విద్యుదుత్సర్గము

స్థిర విద్యుదుత్సర్గము అనగా వేర్వేరు విద్యుత్ పొటెన్షియల్ గల రెండు వస్తువులు తాకినప్పుడు లేదా మిక్కిలి దగ్గరైనప్పుడు వాటి మధ్య ఆవేశం ఒక్కసారిగా ప్రవహించడం. దీనిని ఆంగ్లంలో ఎలక్ట్రోస్టాటిక్ డిశ్చార్జ్ (సంక్షిప్తంగా ఈ.ఎస్.డి.) అంటారు. మెరుపు దీనికి పెద్ద ఉదాహరణ. ఇంట్లో కంప్యూటరు, రేడియో వంటి పరికరాలను బిగించేవారి చేతుల నుండి జరిగే ఉత్సర్గము కంటికి కనిపించకపోయినా భాగాలను పాడుచేయగలదు.

కారణాలు

రెండు పదార్థాలు రాసుకొని విడిపోయినప్పుడు ఒకదాని నుండి మరొకదానికి ఎలక్ట్రానులు చేరతాయి. నైలాన్, పాలియెస్టరు బట్టలు, ప్లాస్టిక్ కుర్చీలు, థర్మోకోల్ ఇందుకు ప్రసిద్ధి. గాలిలో తేమ ఉంటే వస్తువుల ఉపరితలంపై సన్నని నీటిపొర ఏర్పడి ఆవేశం మెల్లగా జారిపోతుంది. సాపేక్ష ఆర్ద్రత 40 శాతం కన్న తగ్గితే ఆవేశం నిలిచిపోతుంది. కడప, కర్నూలు ప్రాంతాలలో వేసవి మధ్యాహ్నాలు ఇటువంటివే.

నష్టం

మానవ శరీరాన్ని సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటరుగా లెక్కిస్తారు. 3000 వోల్టుల వద్ద ఇందులో నిలువయ్యే శక్తి 0.45 మిల్లీజౌలు మాత్రమే. సాధారణంగా ఇంతకన్న తక్కువ వోల్టేజి వద్ద మనిషికి చురుక్కుమనిపించదు. కాని కొన్ని చిప్పులు 100 వోల్టులకే దెబ్బతింటాయి. మాస్ ట్రాన్సిస్టరులోని పలుచని ఆక్సైడు పొరకు రంధ్రం పడటం ఇందుకు ఒక కారణం. కొన్నిసార్లు భాగం వెంటనే చెడిపోక, బలహీనపడి, నెలల తరువాత విఫలమవుతుంది. అందువలన అసలు కారణం తెలుసుకోవడం కష్టమవుతుంది.

నివారణ

* పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు తీసివేసి, క్యాబినెట్టులో రంగు వేయని లోహభాగాన్ని తాకవలెను.
* మణికట్టు పట్టీని ఆ లోహానికే తగిలించవలెను. పట్టీలోని 1 మెగాఓమ్ నిరోధం వలన 230 వోల్టులు పొరపాటున తగిలినా ప్రవాహం 0.23 మిల్లీ ఆంపియర్లకు పరిమితమవుతుంది. అయినను విద్యుత్తు ఉన్న పరికరంపై పట్టీతో పనిచేయరాదు.
* నూలు బట్టలు ధరించి, ప్లాస్టిక్ చాప కాక చెక్క బల్లపై పనిచేయడం మేలు.
* బోర్డులను అంచులు పట్టుకొని ఎత్తవలెను. వెండిరంగు రక్షణ సంచి నుండి చివరి క్షణంలోనే తీయవలెను. సంచి లోపల ఉన్నప్పుడే రక్షణ.
* నీటితో పనిచేసే ఎయిర్ కూలరు గదిలోని తేమను పెంచుతుంది.

ఎర్తింగు

ఎర్తింగు లేని ఇంట్లో కూడా మనిషి, పరికరం, భాగం ఒకే పొటెన్షియల్ వద్ద ఉంటే వాటి మధ్య ఉత్సర్గము జరగదు. పట్టీ చేసే పని ఇదే. ఎర్తింగు విద్యుదాఘాతం నుండి ప్రాణరక్షణకు అవసరం. మెట్టప్రాంతాలలో నేల ఎండితే ఎర్తు గొయ్యి నిరోధం పెరుగుతుంది. కనుక గొయ్యిలో నీరు పోస్తూ, ఎలక్ట్రీషియన్ చేత పరీక్షింపజేయవలెను. సాకెట్టు రంధ్రంలో తీగ దూర్చడం ప్రాణాంతకం.

రాయలసీమతో సంబంధం

ఉమ్మడి కడప జిల్లాలోని ఓబులవారిపల్లె మండలం మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) గనులకు ప్రసిద్ధి. ముగ్గురాయి బేరియం ఖనిజం. బేరియం సమ్మేళనాల నుండి తయారయ్యే బేరియం టైటనేటును సిరామిక్ కెపాసిటర్లలో వాడతారు. కడప సమీపాన కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ తయారీ కేంద్రం 2021లో ప్రారంభమైంది. ఇటువంటి కర్మాగారాలలో నేల, పాదరక్షలు, దుస్తులు, గాలిలోని తేమ అన్నిటినీ స్థిర విద్యుత్తు దృష్ట్యా నియంత్రిస్తారు. ఇంటి బల్ల వద్ద పాటించవలసినది కూడా అదే సూత్రం.