అరువు గొంతు హెర్క్యులీస్

మొదటిసారి చూసినప్పుడు పావుగంటకే నవ్వొచ్చింది. హెర్క్యులీస్ ఎత్తి విసిరే బండలకి బరువు లేదని తెలిసిపోతూనే ఉంది. మాటలకీ పెదాలకీ పొంతన లేదు. మారియో బావా 1961లో తీసిన ఈ ఇటాలియన్ సినిమా ఇంగ్లీషు పేరు ‘హెర్క్యులీస్ ఇన్ ది హాంటెడ్ వరల్డ్’. రెండోసారి చూసినప్పుడు అంత నవ్వు రాలేదు.

అప్పటికి రోములో ఇలాంటి సినిమాల జాతర నడుస్తోంది. 1958లో పియెత్రో ఫ్రాంచిస్కి తీసిన హెర్క్యులీస్ సినిమాని జోసెఫ్ లెవీన్ అనే అమెరికన్ చవగ్గా కొని, ప్రచారానికి మాత్రం అంతకి ఎన్నో రెట్లు గుమ్మరించి, మరుసటేడు వందల థియేటర్లలో ఒక్కసారే వదిలాడు. డబ్బులు కురిశాయి. ఇంకేముంది, కండలున్నవాడు కనబడితే చాలు, నడుముకి గుడ్డ చుట్టి కెమెరా ముందు నిలబెట్టేశారు. ఈ సినిమాలకి ఫ్రెంచి విమర్శకులు పెట్టిన పేరు ‘పెప్లమ్’. ప్రాచీన గ్రీకు స్త్రీలు కట్టుకునే వస్త్రం అది. అందులో కాస్త వెటకారం ఉందనే నాకనిపిస్తుంది.

ఆ 1958 సినిమాకి కెమెరామన్ బావాయే. దర్శకుడయ్యాక అతని చేతికొచ్చింది చిన్న బడ్జెట్. అటూ ఇటూ జరపగలిగే కొన్ని స్తంభాలు, ఒక గోడ... వాటినే తిప్పి తిప్పి వాడానని చెప్పుకున్నాడు. మతి పోయిన ప్రియురాలు దెయానీరా కోసం హెర్క్యులీస్ పాతాళానికి వెళ్తాడు కదా, ఆ పాతాళంలో నిజానికి పెద్దగా ఏమీ లేదు. పొగ, చీకటి, అందులోంచి పొడుచుకొచ్చే ఎర్రటి, పచ్చటి, నీలపు వెలుగులు. సెట్ వెయ్యలేని చోటల్లా రంగు వేశాడు. చివర్లో సమాధుల మూతలు తెరుచుకుని శవాలు గాల్లో తేలుతూ వచ్చే దృశ్యం ఇప్పటికీ భయపెడుతుంది. మన విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్ళకి ఈ పేదరికమూ, ఈ హుషారూ రెండూ పరిచయమే.

నన్ను ఆపేసింది మాత్రం గొంతు. విలన్ లికో వేషం వేసింది క్రిస్టఫర్ లీ. సినిమా చరిత్రలో అలాంటి గొంతులు ఎన్నుంటాయి? ఆ రోజుల్లో ఇటలీలో మాటల్ని మామూలుగా తర్వాతే చేర్చేవారు. ఇంగ్లీషు వెర్షన్‌లో లీ నోట్లోంచి వేరే ఎవరిదో గొంతు వస్తుంది! మనిషి అక్కడే ఉన్నాడు, సగం లేడు.

పేర్లకీ అదే గతి. మాచిస్తే అనే వీరుడి సినిమాలు ఇటలీలో వరసగా వచ్చేవి. అమెరికాలో దిగేసరికి ఆ మాచిస్తే కాస్తా హెర్క్యులీసో, శామ్సనో, గొలియత్తో అయిపోయేవాడు. ఒళ్ళు ఒక్కటే సొంతం. మిగతాది అమ్మేవాడి ఇష్టం.

బావా సినిమాలో హెర్క్యులీస్ రెజ్ పార్క్, మిస్టర్ యూనివర్స్ గెలిచిన ఇంగ్లీషువాడు. అతని హెర్క్యులీస్ సినిమా చూసి, తనూ అలాగే అవ్వాలనుకున్న ఆస్ట్రియా కుర్రాడొకడు ఉన్నాడు. 1970లో ‘హెర్క్యులీస్ ఇన్ న్యూయార్క్’ వచ్చింది. హెర్క్యులీస్ ఆ కుర్రాడే. టైటిల్స్‌లో అతని పేరు ఆర్నాల్డ్ స్ట్రాంగ్ అని వేశారు. ష్వార్జ్‌నెగర్ అంటే నోరు తిరగదనుకున్నారు కాబోలు. యాస బాగాలేదని గొంతు కూడా ఇంకొకరితో చెప్పించారు.