ఎక్స్‌రే గదిలోని బిళ్ళ

హైదరాబాదు మూసారాంబాగ్ టి.వి. టవరును తలయెత్తి చూచినపుడెల్ల, దాని తరంగములవలన ఒంటికి కీడు మూడునేమో యని సందేహించు మనుష్యుడే, ఆ దాపుననే మలక్‌పేట మొదలుకొని దిల్‌సుఖ్‌నగర్ వఱకు బాటవెంబడి వెలసిన డయాగ్నొస్టిక్ సెంటర్లలో నొకదానికి బోయి, నిశ్చింతగా ఎక్స్‌రే తీయించుకొని వచ్చును. పరమాణువునుండి ఎలక్ట్రానును వెడలగొట్టు శక్తి టవరు తరంగములకు లేదు, ఎక్స్‌కిరణములకు గలదు. జీవకణములోని డి.ఎన్.ఏ. తంతువును అవి తెంపగలుగుట ఆ శక్తివలననే. కావున ఆ గదిలో నిత్యము పనిచేయు టెక్నీషియను ఱొమ్మున ఒక చిన్న బిళ్ళను ధరించును. అది కిరణములను వారించు తాయెత్తు గాదు; ఎంత తగిలినదో లెక్క యుంచును, అంతే.

ఈ లెక్క అలవడుటకు చాలకాలము పట్టెను. 1895 నవంబరు 8న రాంట్‌జెన్ ఈ కిరణములను కనుగొనిన పిమ్మట, వేఱు సాధనము లేమిచే, చర్మము కందుటనే ప్రమాణముగా గైకొని వైద్యులు పని నడపిరి. ఎడిసన్ ప్రయోగశాలలో తన చేతులనే అడ్డుపెట్టి గొట్టములను పరీక్షించుచుండిన క్లారెన్స్ డాలీ, ఆ చేతులు రెండును కోల్పోయి 1904లో మరణించెను; అతని దురవస్థ వలన ఎడిసన్ ఆ పరిశోధననే విడనాడెను. 1925లో మట్షెలర్ అను శాస్త్రజ్ఞుడు, చర్మము కందు మోతాదులో నూఱవవంతుకు మించి నెలలో సోకరాదని ఒక హద్దు గీచెను గాని, ఆ హద్దునకును చర్మమే ఆధారము. రెండేండ్లకు జన్యుశాస్త్రజ్ఞుడు హెర్మన్ ముల్లర్ డ్రోసోఫిలా ఈగలపై ఎక్స్‌కిరణములను ప్రసరింపజేసి, కిరణములు సోకిన ఈగల సంతతిలో ఉత్పరివర్తనములు మెండుగా పుట్టుచున్నవని నిరూపించినపుడు, పైకి గానవచ్చు గాయమును బట్టి హానిని అంచనా వేయుట ఎంత అవివేకమో తేటతెల్లమయ్యెను. 1928లో స్టాక్‌హోములో గూడిన రేడియాలజీ మహాసభ రాంట్‌జెన్ పేరనే ఒక కొలమానమును అంగీకరించి, ఎక్స్‌రే, రేడియముల రక్షణకు ఒక సంఘమును నెలకొల్పెను. నేటి అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘము దాని రూపాంతరమే.

మన దేశమున ఈ కొలతల విద్య ముంబయి ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రమున వేళ్ళూనినది. పశ్చిమ గోదావరి జిల్లావాడైన అయ్యగారి సాంబశివరావు, స్టాన్‌ఫర్డులో చదివి వచ్చి, అణుశాస్త్రజ్ఞుడు హోమీ భాభా చెంత ఎలక్ట్రానిక్స్ శాఖను పెంచి, పరాయిదేశముల పరికరములకై చేయిసాచు అగత్యము లేకుండ కావలసిన సాధనములను ఇచ్చటనే నిర్మింప పూనుకొనెను. 1956 ఆగస్టు 4న మేల్కొనిన అప్సర అణురియాక్టరు నియంత్రణ సామగ్రి ఆ శాఖ కృషియే. 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. అను ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ వెలసి, రేడియేషనును కొలుచు పరికరములు ఇచ్చట తయారగుటకును ఆయనయే కర్త. ఆయన పేరనే వెలసిన ఎ.ఎస్.రావు నగరుకు బస్సెక్కువారిలో ఈ సంగతి తలచువారు అరుదు. నగరములకు పేరుపెట్టిన మాత్రమున మనిషి గుర్తుండడు గాబోలు!

ఇక బిళ్ళ సంగతి. మొదట అందు ఫోటోగ్రాఫు ఫిలిము ఉండెడిది. అది నల్లబడిన కొలదిని బట్టి మోతాదు గణించెడివారు. 1970వ దశకమునుండి దాని స్థానమును డిస్ప్రోసియము చేర్చిన కాల్షియం సల్ఫేటు ఆక్రమించినది. కిరణములు సోకినపుడు ఈ లవణము ఆ శక్తిలో కొంతభాగమును తనలో దాచుకొని, ప్రయోగశాలలో వేడిచేసినపుడు వెలుగు రూపమున విడుచును. ఆ వెలుగును కొలిచినచో మోతాదు తెలియును. బిళ్ళలో ఆ లవణపు పలుచని పలకలు మూడు, రెండు వేఱువేఱు ఫిల్టర్ల వెనుకను, ఒకటి అడ్డులేకయు అమర్చబడియుండుటచే, తగిలిన కిరణము ఎట్టిదో కూడ కొంత ఊహింపవచ్చును. మూడునెలల కొకమారు బిళ్ళలను పరీక్షకు పంపుదురు. పనివారికి ఐదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలిన మోతాదునకు నేటి కొలమానము), ఏ యొక్క యేట నైనను 30, మన దేశమున విధించిన హద్దులు.

ఇందొక చిక్కు గలదు. భూమియు ఆకాశమును సహజముగనే మనుష్యునకు ఏటికి సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టులను ఇచ్చుచున్నవి. హైదరాబాదు గ్రానైటు శిలలందు యురేనియము, థోరియము, పొటాషియము కొద్దికొద్దిగా నుండుటచే, ఆస్మాన్‌గఢ్ గుట్ట చెంతనున్న ఇండ్లకును ఆ భాగము తప్పదు. బిళ్ళ లెక్కలో చేరు ఈ సహజభాగమును తీసివేయుటకై ప్రతి ఆస్పత్రికి కిరణములు సోకని చోట ఉంచవలసిన అదనపు బిళ్ళ ఒకటి పంపబడును. పని ముగిసిన పిమ్మట తమ బిళ్ళలనుగూడ టెక్నీషియనులు దానితోనే భద్రపఱుపవలెను. అట్లుగాక ఎక్స్‌రే గదిలోని కొక్కేనికే తగిలించి ఇంటికి బోయినచో, మనిషికి తగలని మోతాదు మనిషి పేరనే లెక్కకెక్కును.