జలపాతాలకే ఆడపేర్లు

నార్వే పడమటి తీరంలో గైరాంగర్ అనే చిన్న ఊరుంది. నిండా మూడు వందల మంది కూడా ఉండరు. సముద్రం నిటారు కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన పొడవాటి పాయని అక్కడ ఫియోర్డ్ అంటారు. అలాంటి ఒక పాయ చివర ఉంటుందీ ఊరు. 1869లో మొదటి యాత్రికుల ఓడ వచ్చింది. 2005లో యునెస్కో ఈ ఫియోర్డ్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు వేసవిలో వచ్చే ఒక్కో పెద్ద క్రూజ్ ఓడలో ఊరి జనాభాకి పదింతల మంది ఉంటారు. దిగి, ఫొటోలు తీసుకుని, సాయంత్రానికి వెళ్ళిపోతారు.

నేనూ కొండలూ నీళ్ళూ చూద్దామనే వెళ్ళాను. తీరా పడవలో తిరుగుతుంటే నన్ను పట్టుకున్నవి పేర్లు. ఒక కొండమీంచి పక్కపక్కనే దూకే ఏడు ధారల పేరు 'ఏడుగురు అక్కచెల్లెళ్ళు'. ఎదురు కొండమీది జలపాతం వాళ్ళని పెళ్ళాడతానని వచ్చినవాడు. అతను ఒక్కొక్కరినీ అడిగాడట, ఏడుగురూ కాదన్నారట, పాపం తాగుడు మరిగాడట! మరో జలపాతం 'పెళ్ళికూతురి మేలిముసుగు'. పడవలో రికార్డు చేసిన వ్యాఖ్యానం ఈ కథ చెప్పగానే అందరూ నవ్వారు. ఏడుగురు ఆడవాళ్ళు పెళ్ళి వద్దనుకున్న కథ అది. కానీ అందులో వాళ్ళకి ఒక్క మాట లేదు. దుఃఖం అతనిది, సానుభూతీ అతనికే.

ఆ ఏడు ధారల పక్కనే కొండచరియ మీద క్నివ్స్‌ఫ్లో అనే పాత వ్యవసాయక్షేత్రం ఉంది. పైనుంచి బండలు విరిగిపడతాయన్న భయంతో 1898లో దాన్ని ఖాళీ చేశారు. ఎదుటి ఒడ్డున, నీటికి దాదాపు 250 మీటర్ల ఎత్తున స్కాగెఫ్లో ఉంది. అక్కడి నుంచి జనం 1916లో దిగిపోయారు. ఈ కొండ ఇళ్ళ గురించి యాత్రికులకి రెండు కథలు చెప్తారు. పన్ను వసూలు చేసేవాడు వస్తే నిచ్చెన పైకి లాగేసేవారట. పసిపిల్లలు అంచునుంచి పడిపోకుండా తాడుతో కట్టి ఉంచేవారట.

నిచ్చెన కథకి నవ్వుతాం, తాడు కథకి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అక్కడితో ఆగిపోతాం. పిల్లల్ని కట్టేయాల్సి వచ్చింది లోయ ఉన్నందుకేనా? తల్లి చేతులు ఖాళీ లేనందుకు కూడా కాదా? పాతకాలపు నార్వే పల్లెల్లో పాలు పితకడం, పశువుల్ని చూసుకోవడం, వెన్న, చీజ్ చెయ్యడం ఆడవాళ్ళ పని. మగవాళ్ళు చేపలవేటకీ అడవికీ పోయేవారు. మగవాడు పాలు పితకడం నామోషీ. మేకల మీద బతికిన ఆ కొండ ఇళ్ళలో ఆడవాళ్ళ చేతి పని ఆగితే బతుకే ఆగుతుంది. వేసవిలో పశువుల్ని తోలుకెళ్ళే ఎత్తైన కొండ మేతభూముల్ని సెటర్ అంటారు. అక్కడ నెలల తరబడి ఉండి పాడి పని చేసే స్త్రీని 'బుదేయె' అంటారు. ఈ సెటర్ జీవనాన్ని కూడా 2024లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది.

ఆ పనికి పేరు దక్కిన సందర్భమూ ఒకటుంది, కానీ గైరాంగర్‌లో కాదు. గుడ్‌బ్రాండ్స్‌డాల్ లోయలో ఆనె హోవ్ అనే బుదేయె 1863లో చీజ్ తీయగా మిగిలిన పాలతేటలో మీగడ కలిపి గోధుమరంగు వచ్చేదాకా మరిగించింది. నార్వే ఇంటింటా తినే గోధుమరంగు చీజ్ అలా వచ్చింది. ఆ లోయ రైతుల్ని కష్టకాలంలో గట్టెక్కించింది ఆ చీజేనని చెప్తారు. 1933లో, 87 ఏళ్ళ వయసులో, ఆమెకి రాజు పతకం ఇచ్చారు. డెబ్బై ఏళ్ళు పట్టింది!

మరి చాకిరీ చేసిన నేల ఎవరిది? నార్వేలో 1854లోనే కొడుకులకీ కూతుళ్ళకీ సమాన వారసత్వం వచ్చింది. 1913లో స్త్రీలందరికీ ఓటుహక్కు వచ్చింది. కానీ పూర్వీకుల పొలంపై 'ఊదెల్' అనే వంశహక్కులో కొడుకుదే ముందు వరస. ఆడైనా మగైనా పెద్దబిడ్డకే ఆ హక్కు అని చట్టం చెప్పింది 1974లో. అప్పటికి స్కాగెఫ్లో ఖాళీ అయి 58 ఏళ్ళు.

1975లో ఏర్పడిన ఒక సంఘం ఇలాంటి పాడుబడ్డ ఇళ్ళని బాగుచేయిస్తూ వస్తోంది. ఇళ్ళు నిలబడ్డాయి, సంతోషమే. అందులో బతికిన ఆడవాళ్ళ మాటేమిటి? వాళ్ళ పేర్లు పోయాయని అనుకోనక్కర్లేదు. నార్వే 1900 నాటి జనాభా లెక్కల్లో ప్రతి మనిషి పేరూ, వయసూ, వృత్తీ రాశారు. పల్లెల్లో ఎందరో స్త్రీల ఎదుట 'ఇంటిపని, పశువుల పని' అని వృత్తిగానే నమోదైంది. ఆ కాగితాలు ఇవాళ ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. పరిశోధన దాకా కూడా అక్కర్లేదు. పెళ్ళికొడుకు తాగుడు గురించి చెప్పే ఆ వ్యాఖ్యానానికి, స్కాగెఫ్లో దగ్గర పడవ నెమ్మదించినప్పుడు, అక్కడ మేకల పాలు పితికిన ఒక్క మనిషి పేరు చదవడానికి అర నిమిషం చాలు.